గురుతుదిబ్బ గురుతమ్మ తల్లి

తేలేరు సముద్రంలో కలిసేచోట, దక్షిణపు ఒడ్డున, తాటిచెట్టంత ఎత్తున ఒక ఇసుకదిబ్బ ఉంది. దాని పేరు గురుతుదిబ్బ. దిగువన ఉన్న జాలరిపేటను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. కొత్తరేవు బస్టాండు నుండి ఇక్కడికి ఆటోలు నడుస్తాయి. మంచు ఫ్యాక్టరీ దాటి, తుపాను షెల్టరు పక్కన దిగి, మొగలి పొదల నడుమ మెట్లెక్కితే శ్రీ గురుతమ్మ తల్లి ఆలయం చేరవచ్చు. మెట్లు నలభై ఒకటి. ఇసుక జారి కింది మెట్లు రెండు మూడు ఎప్పుడూ పూడిపోయే ఉంటాయి కనుక ఎవరు లెక్కపెట్టినా తక్కువే వస్తాయి.

గర్భగుడిలో చేతులు, ఆయుధాలు ఉన్న విగ్రహం కనబడదు. నిలువెత్తు నల్లని కొయ్య ఒకటి నిలబెట్టి ఉంటుంది. దానికి పసుపు పూసి, కుంకుమ దిద్ది, వెండి కళ్లు అమర్చారు. కొయ్య మధ్యలో చుట్టూరా తాడు ఒరిసి పడిన గాడి ఉంది. భక్తులు ఆ గాడిని వేలితో తాకి మొక్కుకుంటారు. తూర్పున సముద్రం వైపు ద్వారబంధం ఉంది కానీ తలుపు లేదు. తుపాను రోజుల్లో సైతం అక్కడ గోనెపట్టా అయినా కట్టరు. అర్చన చేసేది ఆడవారు. ఇప్పుడు అర్చిస్తున్న దేశమ్మ గారు అమ్మవారి కూతురి వంశంలోని వారు. ఆ కొయ్య ఎక్కడిది, తలుపు ఎందుకు లేదు అని అడిగే యాత్రికుల కోసం, పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చిన వృత్తాంతాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాం.

పూర్వం ఇక్కడ గుడి లేదు. దిబ్బ మీద పొడవాటి వెదురుగడ ఒకటి, దాని కొసన ఎర్రగుడ్డ, అంతే ఉండేవి. దానినే గురుతు అనేవారు. తేలేటి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, చాలా గడుసుది. నీటి కింద ఇసుక మేటలు దాగి ఉంటాయి. వాటి మధ్య లోతైన దారి ఒక్కటే ఉంటుంది. సముద్రం మీదుగా వచ్చేవారు ఈ గడను, దాని వెనుక దూరాన కనిపించే నక్కలకొండ శిఖరాన్ని ఒకే వరుసలోకి తెచ్చుకుని నడిపితే ఓడ క్షేమంగా ఏట్లోకి ప్రవేశిస్తుంది. వరుస తప్పితే మేట ఎక్కుతుంది. ఏటా వరదకు ఆ దారి పక్కకు జరుగుతుంది. అప్పుడు దోనె వేసుకుని, గడకర్రతో లోతు చూసుకుని, దిబ్బ మీది గురుతును కూడా జరపాలి.

ఆ పని సూరయ్య తండేలు ఇంటివారిది. తండేలు అంటే ఓడను, దాని మనుషులను నడిపించే పెద్ద. సూరయ్యకు ఒక్కడే కొడుకు, పోలయ్య. నీటి రంగు చూసి అడుగున ఉన్నది ఇసుకో బురదో చెప్పగలిగినవాడు. అతని భార్య మాచెమ్మ. పోలయ్య ఏడాదిలో సగం సముద్రం మీదే ఉండేవాడు కనుక గురుతు సంగతి మాచెమ్మ చూసుకునేది. లోతు చూడటం, గడ పాతడం ఆమెకు భర్తే నేర్పాడు. తిరిగి వచ్చేటప్పుడు దూరం నుండి ఆ ఎర్రగుడ్డ కనబడితే ఓడలోని వాళ్లతో, "అదిగో, మా ఇంటిది పిలుస్తోంది" అని నవ్వేవాడట. వారికి గంగి అని ఒక కూతురు.

గంగికి అయిదేళ్లప్పుడు పోలయ్య ఉప్పు వేసుకుని ఉత్తరాది రేవుకు వెళ్లాడు. ఆ దేశపు రాజు అప్పటికే దక్షిణం మీదికి దండు కడుతున్నాడు. దక్షిణపు ఏటి మొగలన్నీ తెలిసిన మనిషి దొరికేసరికి అతని ఓడను లాక్కుని, అతణ్ణి వదలకుండా ఉంచుకున్నారు. బతికి ఉన్నాడన్న సంగతి మాత్రం ఒక ఉప్పు వర్తకుడు మోసుకొచ్చాడు. అది మొదలు మాచెమ్మ ప్రతి పొద్దూ దిబ్బ ఎక్కేది. తెరచాప ఏది కనబడినా దగ్గరికి వచ్చేదాకా నిలబడేది. కాదని తెలిశాక గడ మొదలు సరిచేసి దిగేది. అలా మూడేళ్లు గడిచాయి.

మూడో ఏట ఉత్తరపు దండు రానే వచ్చింది. తేలేటి ఎగువన మన్నెంగిరి కోట ఉంది. దాని ఏలిక కేతమనాయకుడు. శత్రువుకు తిండి దొరకకూడదని అతడు చుట్టుపక్కల పంట చేలు ముందే తగలబెట్టించి, ఊళ్లలోని పిల్లలను, ముసలివారిని కోటలోకి తీసుకున్నాడు. మాచెమ్మ కూడా గంగిని తన అక్కతో కోటకు పంపింది. తాను గురుతు వదిలి వెళ్లలేక ఉండిపోయింది.

దండు కోటను చుట్టుముట్టింది. ఆరు నెలలయినా గోడలు కూలలేదు. కాలిన చేలలో గడ్డి కూడా మొలవని ఆ నేల మీద అంత దండు ఎలా బతికిందంటే, సముద్రం మీద వచ్చే బియ్యంతో బతికింది. అందుకే వాళ్లు మొదట గురుతుదిబ్బను పట్టుకున్నారు. ఒక దళవాయిని, నలభై మంది భటులను పేటలో కాపలా ఉంచారు. పడవలన్నీ తగలబెట్టారు. కాపలావాళ్లకు చేపలు కావాలి కదా, అందుకని తెప్పలను, మొగలో లోతు చూడటానికని మాచెమ్మ దోనెను మాత్రం వదిలేశారు. దుంగలు కట్టిన తెప్పతో ఎవరేం చేయగలరని వాళ్ల ధీమా.

వైశాఖం ముగుస్తోంది. ఒకనాడు సూరయ్య మడ అడవిలోని పాయల వెంబడి దోనె మీద ఎండుచేపలు తీసుకుని కోటకు చేరి, రెండో నాటికి తిరిగి వచ్చాడు. కోటలో ఇరవై రోజులకు మించి గింజలు లేవు. కోట వేగులవారి లెక్కన బయట దండులో పది రోజుల తిండి కూడా లేదు. అమావాస్య పోటుకు ఏడు ఓడల బియ్యం వస్తోంది. అది చేరితే దండు వర్షాకాలమంతా కూర్చుని కోటను మాడ్చి గెలుస్తుంది. చేరకపోతే, వానలు పడి ఏరు పొంగకముందే వెనక్కు పోక తప్పదు. ఆరు నెలల యుద్ధం చివరికి మొగ దగ్గరి ఆ ఒక్క ప్రవేశం మీద నిలిచింది.

ఈ సంగతి మామ చెప్పకముందే మాచెమ్మ ఇంకొకటి విన్నది. ఆ ఉదయమే దళవాయి ఆమెను పిలిపించాడు.

"ముందు ఓడ నడిపేది నీ మొగుడే. గురుతు సరిగ్గా ఉంచు. తప్పితే మొదట మునిగేది అతడే" అన్నాడు.

మూడేళ్ల తరువాత భర్త వస్తున్నాడన్న మాట ఆమె ఆ నోట విన్నది. బెదిరింపు అని ఆమెకు వెంటనే తోచలేదు. ఇంటికి పోయి, అతడు పడుకునే చాప తీసి దులిపి ఎండలో వేసింది. ఉట్టి మీది కుండ దించి, అతనికిష్టమని దాచిన ఎండు నెత్తళ్ల చేపలు పురుగు పట్టాయేమోనని చూసుకుంది. అవి చాటలో పోసి ఏరుతుండగా సూరయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కోట సంగతులన్నీ చెప్పాడు.

"గంగిని చూశావా మామా?" అని అడిగింది.

"చూశానమ్మా. చింతగింజలు ఉడకబెట్టి ఆ నీళ్లు తాగుతున్నారు. నడుస్తోంది. పరుగెత్తడం మానేసింది."

మాచెమ్మ చాట పక్కన పెట్టింది. "ముందు ఓడలో ఉన్నది ఆయనే, మామా."

"తెలుసు. కోటలోనూ అదే చెప్పారు."

"తెలిసే నన్ను అడగడానికి వచ్చావా?"

"నేను అడగను తల్లీ. ఆ మాట నా నోట రాదు. వాడు నా కొడుకు" అన్నాడు ముసలివాడు. "అక్కడ విన్నది విన్నట్టు చెప్పాను. గురుతు నీ చేతిలోది."

ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. మునిగేది పరాయి ఓడ అయితే అంత ఆలోచన లేకపోయేది. అతడు ఆ ఎర్రగుడ్డను చూస్తాడు. తన భార్య పాతిన గడ అని నమ్మి వస్తాడు. తన నమ్మకమే తనను ముంచిందని ఆఖరి క్షణంలో తెలుసుకుంటాడు. ఆమె గుండెను కోసింది అదే. కానీ కళ్లు మూసుకుంటే గంగి నడుస్తూ కనబడేది, పరుగెత్తకుండా.

అమావాస్యకు ముందునాడు దోనె వేసుకుని లోతు చూసి వచ్చింది. దారి ఉన్నచోటే ఉంది. దళవాయి దగ్గరకు పోయి, "దారి దక్షిణానికి ఇరవై బారలు జరిగింది. గురుతు జరపాలి" అన్నది. దారులు జరుగుతాయని అతడూ విని ఉన్నాడు. తన భటుల చేతనే గొయ్యి తీయించి, గడ పాతించాడు. మాచెమ్మ మొదట్లో ఇసుక పోసి కాళ్లతో తొక్కింది. ఆ సాయంత్రమే జాలరులు ఒకరొకరుగా వేటకు పోతున్నట్టు తెప్పలు తీసుకుని మడ అడవిలోకి చేరారు. సూరయ్య వారితో వెళ్లాడు. తెప్పకొక కుంపటి, కుండలో కరిగించిన గుగ్గిలం, గొడ్డలి. వారి ఆయుధాలు అంతే.

అమావాస్యనాడు పొద్దు బారెడెక్కేసరికి పోటు నిండుగా ఉంది. ఏడు తెరచాపలు వరుసగా కనిపించాయి. మాచెమ్మ దిబ్బ మీద గడ పక్కనే నిలబడింది. ముందు ఓడ మొగకు ఎదురుగా వచ్చి, ఉన్నట్టుండి వేగం తగ్గింది. తెరచాప వదులై కొట్టుకుంది. ఆమె గడను గట్టిగా పట్టుకుంది. అతడు నీటి రంగు చూశాడు, కనిపెట్టాడు, ఇక తిప్పుకుంటాడు అనుకుంది. తిప్పుకోవాలని మనసులో ఒక పక్క మొక్కింది కూడా. ఆ తరువాత ఎన్నేళ్లయినా ఆ మొక్కును ఆమె దాచుకోలేదు, అడిగినవారికి చెప్పేది.

ఓడ తిప్పుకోలేదు. తెరచాప మళ్లీ నిండింది. ముక్కు ఎర్రగుడ్డకు సూటిగా పెట్టి, గాలి మొత్తం పట్టుకుని, మేట మీదికి వచ్చి పడింది. కొయ్య విరిగిన చప్పుడు దిబ్బ దాకా వినిపించింది. వెనుక వస్తున్న మూడు ఓడలు ఆగలేక అదే మేట ఎక్కాయి. అయిదోది తప్పించుకోబోయి నాలుగోదాని పక్క చీల్చి తానూ ఒరిగింది. అంతలో పోటు తీయడం మొదలైంది. అమావాస్య పోటుకు ఎక్కిన ఓడను మళ్లీ లేపగలిగిన నీరు ఆ పక్షంలో రాదు.

అప్పుడు మడ అడవిలో నుండి తెప్పలు వచ్చాయి. యాభైకి పైగా ఉంటాయంటారు. మోకాలి లోతు నీటిలో పెద్ద ఓడ కదలలేదు, తెప్ప మాత్రం అల మీద ఆకులా తిరుగుతుంది. పైనుండి బాణాలు వేశారు. జాలరులు పదకొండు మంది పోయారు. మిగిలినవారు ఓడల కిందికి చేరి, చుక్కానులు నరికి, గుగ్గిలం అంటించి తెరచాపల మీదికి విసిరారు. దిబ్బ మీది దళవాయి కత్తి దూసి మాచెమ్మ వైపు తిరిగాడు. ఆమె పారిపోలేదు. అప్పటికే అతని భటులు ఉత్తరపు గట్టుకు చేరాలని ఏటి వైపు పరుగెత్తుతున్నారు. తనను వదిలిపోతారని అతడూ వారి వెంట పడ్డాడు. మధ్యాహ్నానికి అయిదు ఓడల బియ్యం ఉప్పునీటి పాలైంది. మిగిలిన రెండూ సముద్రంలోకి తిరిగి, ఉత్తరానికి పోయి మరి రాలేదు.

దండు తొమ్మిది రోజులు ఓర్చుకుంది. బండ్లెద్దులను కోసుకు తిన్నారు. పదో నాడు తొలి వాన కురిసింది. మర్నాడే గుడారాలు విప్పారు. వెనుదిరిగిన దండును కేతమనాయకుడు తరిమి తరిమి, ముందు పోగొట్టుకున్న సీమలన్నీ వెనక్కు తీసుకున్నాడు. దండు మళ్లీ తేలేరు దాటలేదు. గంగి ఇంటికి వచ్చింది. వాకిట్లోకి రాగానే, "నాన్న వచ్చాడటగా, ఏడీ?" అని అడిగింది.

పోలయ్య ఎక్కడా దొరకలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి శవాన్నీ మాచెమ్మ తానే తిప్పి చూసింది. అందులో అతడు లేడు.

యుద్ధంనాడు సూరయ్య నీటిలో నుండి ఒక మనిషిని లాగి తెప్ప మీద వేసుకున్నాడు. ఉత్తరాదివాడే, మాధవుడని పేరు. ముందు ఓడలో చుక్కాని పట్టినవాడు. కాలు విరిగి వారి ఇంట్లోనే పడి ఉన్నాడు. జ్వరం తగ్గి మాట వచ్చాక మాచెమ్మను పిలిచి చెప్పాడు.

"అమ్మా, మీ ఆయన్ను నడుముకు తాడు వేసి తెరచాప కొయ్యకు కట్టి ఉంచారు. దారి చెప్పాలి కానీ కదలకూడదు. మొగ దగ్గరకు రాగానే నీళ్ల వైపు చూసి తెరచాప వదలమన్నాడు. నాకూ సముద్రం కొత్త కాదు. లోతు కుడి వైపు కదా, గురుతు ఎడమకు చూపుతోందేమి అని మెల్లగా అడిగాను."

"ఏమన్నాడు?"

"కాసేపు దిబ్బ వైపే చూస్తూ నిలబడ్డాడు. గడ పక్కన మనిషి కనబడినట్టుంది. తరువాత నవ్వాడు. 'మా ఇంటిది పిలుస్తోంది. ఆమె రమ్మన్నచోటికే పోవాలి' అన్నాడు. తెరచాప నిండా ఎత్తమని పెద్దగా కేక వేశాడు."

మాచెమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. "ఆ తరువాత?"

"కొయ్య విరిగింది. తాడు వదులైంది. నీళ్లలోకి దూకాడు. ఈ దిబ్బ వైపు నాలుగు బారలు ఈదడం నేను చూశాను. అల లేచింది. ఆ తరువాత నాకు తెలియదమ్మా."

తనను తిట్టుకుంటూ పోయాడని తెలిసి ఉంటే ఆమె ఏడ్చి, ఎప్పటికైనా ఊరుకునేది. తెలిసే వచ్చాడని విన్నాక ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. అతడు తన వైపే ఈదుతున్నాడు. ఈదుతున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు ఒడ్డు చేరాలి.

ఆ పూటే దిబ్బ ఎక్కి, తప్పుచోట పాతిన గడను ఒంటరిగా పెకలించి, సరైన చోట పాతింది. "వచ్చే మనిషి ఈసారి తప్పు దారిన రాకూడదు" అన్నది. కుల పెద్దలు కర్మ జరిపించమని వచ్చారు. బొట్టు తీయాలన్నారు. సూరయ్య కర్ర పట్టుకుని వాకిట్లో కూర్చుని, "నా కొడుకు ఈతగాడు. వాడి సంగతి మీకేం తెలుసు?" అని వారిని పంపేశాడు. మళ్లీ ఆ మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ముప్పై ఏళ్లు ఆమె ఆ దిబ్బ మీదే ఉంది. అక్కడే పాక వేసుకుంది. తూర్పు వాకిట రోజూ కడవతో మంచినీళ్లు పెట్టేది, సముద్రం నుండి వచ్చిన కాళ్లు ఉప్పుతో మండుతాయని. మధ్యాహ్నం రెండు మూకుళ్లలో అన్నం పెట్టి, తన మూకుడు ముట్టకుండా చాలాసేపు కూర్చునేది. ఆమె పాతిన గురుతును నమ్ముకుని వచ్చిన ఓడ ఆ ముప్పై ఏళ్లలో ఒక్కటీ మేట ఎక్కలేదు. పేటలోని ఆడవాళ్లు తమ వాళ్లు రావడం ఆలస్యమైతే ఆమె పక్కన వచ్చి కూర్చునేవారు. ఆమె ఓదార్చేది కాదు. వారితోపాటు చూసేది. ఎందుకో ఆమె పక్కన కూర్చుంటే తెరచాప త్వరగా కనబడుతుందని అందరికీ నమ్మకం కుదిరింది. ఆ తల్లిలో సముద్రపు గంగమ్మ అంశ ఉందని అప్పటినుండే చెప్పుకున్నారు.

ఒక మాఘమాసంలో గంగి భర్త వేసిన పెద్దవలకు బరువైన కొయ్య తగిలింది. ఓడ కొయ్య అని గుర్తించి, వంటచెరకుకు పనికివస్తుందని ఒడ్డున పడేశాడు. మాచెమ్మ దిబ్బ దిగి వచ్చింది. అప్పటికి ఆమెకు చూపు మందగించింది. కొయ్యను చేతులతో తడుముతూ పోయి, మధ్యలో తాడు ఒరిసిన గాడి దగ్గర ఆగిపోయింది. నడుము ఎత్తుకు సరిగ్గా ఉంది. చాలాసేపు చేయి తీయలేదు. ఆ తరువాత దానిని దిబ్బ మీదికి మోయించి, తన పాకలో సముద్రం వైపుగా నిలబెట్టి, పసుపు పూసి బొట్టు పెట్టింది. తనకు పెట్టుకోబోయిన బొట్టు దానికి పెట్టిందని గంగి చెప్పేది. ఆ ఏడే జ్యేష్ఠ పౌర్ణమినాడు, వాకిట్లో కూర్చున్నది కూర్చున్నట్టే కన్నుమూసింది.

పేటవారు ఆమెను ఆ కొయ్యలోనే ఆవాహన చేసి, గురుతమ్మ తల్లి అని పేరు పెట్టి, పాక స్థానంలో రాతిగుడి కట్టారు. తూర్పు గాలికి దీపం ఆరిపోతోందని ద్వారానికి టేకు తలుపులు చేయించారు. వాటిని బిగించే రోజు మధ్యాహ్నం గంగి గుడి అరుగు మీద నడుము వాల్చి కునుకు తీసింది. కలలో తల్లి కనబడి, "ముప్పై ఏళ్లు తీసి ఉంచిన వాకిలి ఇప్పుడు మూస్తారా? దీపం ఆరితే మళ్లీ వెలిగించుకోండి. తలుపు పెట్టవద్దు" అని ఆజ్ఞాపించింది. గంగి ఉలిక్కిపడి లేచి వడ్రంగులను ఆపింది. ఆ రోజు మొదలు అర్చన ఆమెదయింది, ఆమె తరువాత ఆమె కూతుళ్లది.

నేటికీ తేలేటి మొగలో వేటకు వెళ్లినవారు తిరిగి వచ్చాక, ఇంటికి పోకముందు దిబ్బ కింద నిలబడి "వచ్చాం తల్లీ" అని ఒక్క కేక వేసి పోతారు. పడమటి తీరాన ఉన్న వీరావల్ రేవు బోట్ల మీదికి, దూరదేశపు ఓడల మీదికి పనులకు పోయినవారి ఇళ్లలోని ఆడవారు శుక్రవారాలలో వచ్చి తూర్పు వాకిట కూర్చుంటారు. వారు కోరేది పెద్ద కోరిక కాదు కనుక, ముడుపులు, మొక్కుబడులు ఇక్కడ అంతగా లేవు.

వైశాఖ బహుళ అమావాస్య ఇక్కడ జాతర. మేళతాళాలు పొద్దు వాలేసరికి ఆగిపోతాయి. పేటలో అందరికన్నా పెద్ద తండేలు ఆనాడు ఒంటరిగా తెప్ప మీద సముద్రంలోకి పోయి, తిరిగి వచ్చి, తడిబట్టలతో మెట్లెక్కి, తలుపు లేని ద్వారం ముందు నిలబడతాడు. వేలమంది జనం ఉన్నా అప్పుడు అలల చప్పుడు తప్ప మరేదీ వినిపించదు.

"వచ్చాను" అంటాడు.

లోపలి నుండి అర్చకురాలు కడవ పట్టుకుని వస్తుంది. "ఇంత ఆలస్యమా? కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను" అని నీళ్లు పోస్తుంది. ఆ నీళ్లు ఇసుకలో ఇంకేదాకా ఎవరూ కదలరు. గడచిన ఏడాది దేశమ్మ గారు ఆ మాట మధ్యలో ఆగిపోయారు. ఆమె పెద్దకొడుకు వెళ్లిన బోటుకు అప్పటికి ఏడు నెలలుగా జాడ లేదు. ముందు వరుసలోని ఆడవారు ఆ మాటను అందుకుని పూర్తి చేశారు.

ఈ వృత్తాంతాన్ని చదివినవారి ఇళ్లలో, విన్నవారి ఇళ్లలో, దూరాన ఉన్నవారంతా గురుతమ్మ తల్లి చల్లని చూపు వెంట తమ వాకిలి చేరుకుందురు గాక. వారి కోసం కడవలో నీళ్లు ఎన్నడూ నిండుకోకుండు గాక.